సహజ హంతక కణములు



నేను వైద్యుఁడను కాను. ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలోఁ దెలుఁగు చెప్పి విశ్రాంతి గొన్నవాఁడను. బాల్యమున మా తాతగారి యొద్ద తర్కసంగ్రహమును, కౌముదిలోఁ గొంత భాగమును చదివితిని. అట్టివాఁడు క్యాన్సరు చికిత్సను గూర్చి ప్రసంగించుట మీకు వింతగాఁ దోఁపవచ్చును. వైద్యము చెప్పుటకు నేను రాలేదు. నా వలన జరిగిన పొరపా టొకటి యున్నది. దానిని చెప్పవలెనన్నచో ఆ శాస్త్రమును గూడఁ గొంత చెప్పక తప్పదు.

2022వ సంవత్సరమున సంక్రాంతి వెళ్లిన పిమ్మట నా పూర్వశిష్యుఁ డొకఁడు, దివిసీమలో మూఁడెకరముల వరిసాగు చేసికొనువాఁడు, మా యింటికి వచ్చెను. అతని తల్లికి క్లోమమునఁ గ్యాన్సరు పుట్టి కాలేయమునకుఁ బ్రాఁకినదని పెద్ద యాసుపత్రివారు చెప్పిరఁట. రాచపుండని మన పెద్దలు భయపడిన రోగములలో నిది మిక్కిలి క్రూరమైనది. అతని చేతిలో నున్నని రంగుల కాగిత మొకటి యుండెను. నగరములోని యొక వైద్యశాలవారు ముద్రించినది. రోగి నెత్తురు కొంత తీసి, అందలి 'నేచురల్ కిల్లర్' కణములను వేఱుచేసి, వేలాది రెట్లు పెంచి, మరల రోగి నరములోనికే యెక్కింతుమనియు, అవి క్యాన్సరును వెదకి చంపుననియు నందు వ్రాసియుండెను. ఆఱు విడతలకు వా రడిగిన పైకము అతని యెకరము పొలము వెల.

"మీరు చదివి మంచిదో కాదో చెప్పండి మాస్టారూ. మీరు సరేనంటే ఎకరం బేరం పెడతాను" అని యతఁ డడిగెను.

అంతకు ముందే నేనొక వార్తాపత్రికలో, అమెరికాలోని హూస్టన్ నగరమున ఇట్టి కణములతోఁ గొందఱు క్యాన్సరు రోగులకు నయమైనదని చదివియుంటిని. ఆ జ్ఞానముతో "శాస్త్రము నిజమే నాయనా, నేనును చదివితిని" అంటిని. అతఁడు పొలము విక్రయించెను. తొలకరి పడకముందే తల్లి గతించెను. సూదిమందు ఆమెను చంపలేదు, రోగమే చంపినది. కాని కడపటి మూఁడు నెలలలో నాలుగుపాళ్లు ఆ తల్లి తన మంచము మీఁద, మనుమల నడుమ నుండక, నగరమునకుఁ బోవుటలోను వచ్చుటలోను గడిపెను. నేను చెప్పిన మాట అసత్యము కాదు. ఐనను తప్పు. ఈ రెండింటి నడుమ దూర మెంతయో తెలిసికొనుటకై, నా యొద్దఁ జదివి రక్తవ్యాధుల వైద్యుఁడైన మఱియొక శిష్యుని ముందు ఏఁడాదిపాటు నేనే విద్యార్థినై కూరుచుంటిని. ఇఁకఁ జెప్పఁబోవు దానిలో మంచి యున్నచో అతనిది.

నెత్తురులోని తెల్లకణములలో లింఫోసైటులను నొక శాఖ కలదు. అందుఁ జాలభాగము టీ కణములును బీ కణములును. ఇవి చదువుకొని పని చేయునవి. క్రొత్త శత్రువు వచ్చినప్పుడు దాని రూపమును నేర్చుకొనుటకు వానికిఁ గొన్ని దినములు పట్టును. నేర్చిన పిదప మఱవవు. టీకాలు పని చేయుట ఈ జ్ఞాపకము చేతనే. ఈ శాఖలోనే నూఱింటికి అయిదు మొదలు పదునైదు వఱకు వేఱొక జాతి కణము లుండును. ముందుగా నేర్పకయే ఇవి రోగకణమును చంపఁగలవు గనుక ఆంగ్లమున 'నేచురల్ కిల్లర్' అనిరి. మనము సహజ హంతకములని పిలుచుకొందము.

నిజము చెప్పవలెనన్నచో ఈ పేరు నాకు రుచింపదు. గర్భిణి గర్భాశయపు లోపొరలో తొలి మాసములలోఁ జేరు తెల్లకణములలో నధికభాగము ఈ జాతివేయఁట. అచ్చట నివి చంపుట మాని, మావికి నెత్తురు చేర్చు నాళములు వెడల్పగుటకుఁ దోడ్పడును. దాదిపని చేయుదానిని హంతకి యనుట యెంత న్యాయము! కాని పేరు నాటుకొనిపోయినది.

వీనిని 1975వ సంవత్సరమున గుర్తించిరి. స్వీడను దేశపు స్టాక్‌హోం నగరమున, కరోలిన్‌స్కా సంస్థలో రోల్ఫ్ కీస్లింగ్, ఏవా క్లైన్, హాన్స్ విగ్జెల్ అనువారును, అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో రోనాల్డ్ హెర్బర్‌మన్ మొదలగువారును వేఱువేఱుగా నొకే వింతను గనిరి. క్యాన్సరు నెన్నఁడు నెఱుఁగని యెలుక నుండి తీసిన తెల్లకణములు సైతము గాజుపాత్రలో క్యాన్సరు కణములను చంపుచుండెను. ఆరంభమునఁ బలువురు ఇది పరీక్షలోని దోష మనుకొనిరి. లెక్కలోనుండి తీసివేయవలసిన చిల్లర యనుకొనినది పరిశోధన కంతకు విషయమయ్యెను.

అయితే నేర్పనిదే శత్రువును గుర్తించుట యెట్లు? ఈ ప్రశ్న వినఁగానే మా తాతగారి పాఠము నాకు జ్ఞప్తికి వచ్చెను. నేలపైఁ గడవ లేదని మన మెట్లు తెలిసికొందుము? ఉన్న కడవను కన్ను చూచును. లేని కడవను ఏది చూచును? కన్నే చూచునని నైయాయికులు. కాదు, కనఁబడకపోవుటయే వేఱొక ప్రమాణము, దాని పేరు అనుపలబ్ధి యని భాట్టమీమాంసకులును అద్వైతులును. ఎనిమిదేండ్ల పిల్లవానికి ఈ వాదము నిద్ర తెప్పించినది. అరువది దాఁటిన పిదప నా శిష్యుఁడు సహజహంతకమును వర్ణించుచుండఁగా లేచి కూరుచుంటిని.

మన దేహమున నించుమించుగాఁ బ్రతి కణముపైనను 'ఇది నాది' యను ముద్ర యొకటి యుండును. టీ కణము శత్రువు జాడను ఈ ముద్రలోఁ బొదిగినప్పుడే చూడఁగలదు. కొన్ని క్యాన్సరు కణములు ఆ ముద్రనే తీసివేసి టీ కణముల కన్నుఁగప్పును. ముద్ర లేదు గనుక టీ కణము దానిని దాఁటిపోవును. సహజహంతక మచ్చటనే పట్టుకొనును. అది చూచునది శత్రువు గుఱుతును గాదు, తన గుఱుతు లేకపోవుటను. స్టాక్‌హోములోనే క్లాస్ కారె యను పరిశోధకుఁడు 1981వ సంవత్సరపు సిద్ధాంతగ్రంథమున ఈ యూహను ప్రతిపాదించెను. 1986లో ఎలుకలపైఁ జూపిరి: ముద్ర గల క్యాన్సరు కణములు పెరిగెను, అదే జాతిలో ముద్ర పోయినవానిని ఎలుక దేహము తొలఁగించెను. తన ముద్ర కనఁబడినంతసేపు ఈ కణముపై నుండు కొన్ని గ్రాహకములు దాని చేయి పట్టి యాపుచుండునని తరువాత తెలిసినది.

మీమాంసకులు ఇక్కడ నొక షరతు పెట్టుదురు. ఉండఁదగినచోట కనఁబడకపోయినప్పుడే అనుపలబ్ధి ప్రమాణము. చీఁకటిలోఁ గడవ కనఁబడలేదని కడవ లేదనరాదు. కణమున కును ఇట్టి షరతే కలదు. ఎఱ్ఱకణములపై ఈ ముద్ర దాదాపుగా లేదు, ఐనను సహజహంతకము వాని జోలికిఁ బోదు. ముద్ర లేకపోవుట యొక్కటి చాలదు. రోగగ్రస్తమైన కణము పైకిఁ జూపు ఆపదచిహ్నములును ఉండవలెను. ఆపు చేయియు, త్రోయు చేయియుఁ దూఁగిన మీఁదట తీర్పు. తీర్పు పడిన తరువాత పని శీఘ్రము: పెర్ఫోరిన్ అను పదార్థముతో రంధ్రము లేర్పఱచి, గ్రాంజైములను లోనికిఁ బంపును. ఆ కణము తన్నుఁ దానే విప్పుకొని నశించును.

వైరసులును ఇట్లే ముద్రను దాఁచఁజూచును గనుక అందును వీని సేవ యున్నది. పుట్టుకతో ఈ కణములు కొఱవడిన యొక బాలిక వృత్తాంతమును 1989లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. ఆటలమ్మ వంటి, చాలమంది పిల్లలు వారము దినములలోఁ దేఱుకొను జ్వరములు ఆ బిడ్డకుఁ బ్రాణము మీఁదికి వచ్చెను.

ఇఁక చికిత్స సంగతి. ఇదియే నేను తప్పినచోటు.

రోగి కణములను తీసి, పెంచి, తిరిగి యెక్కించుట క్రొత్తది కాదు. 1985లోనే అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థయందు స్టీవెన్ రోసెన్‌బర్గ్ అను శస్త్రవైద్యుఁడు ఆ పని చేసెను. రోగి తెల్లకణములను ఇంటర్‌ల్యూకిన్-2 అను ద్రవ్యములో నానఁబెట్టి, ఆ మందుతోఁ గూడఁ దిరిగి యెక్కించెను. 25 మందిలో 11 మందికి గడ్డలు సగమునకు మించి తగ్గెను. లోకము సంతోషించినది. కాని ఆ మందు సన్నని రక్తనాళములను సడలింపఁజేసి, నీరు ఒడలంతయుఁ గ్రమ్మునట్లు చేసి, రోగులను ముప్పునకుఁ దెచ్చుచుండెను. అదిగాక, మందు మాత్రమే యిచ్చినవారితోను, మందును కణములను రెంటిని నిచ్చినవారితోను పోల్చి చూచిన పరీక్ష 1993లో ప్రకటితమైనది. కణములను చేర్చినందున ఆయువు పెరిగినదని నిశ్చయముగాఁ జెప్పుటకు వీలు కాలేదు.

కారణము మీరే యూహింపవచ్చును. రోగి కణములకు రోగి ముద్ర తెలియును. ముద్రను పోఁగొట్టుకొనని క్యాన్సరు కణమును అవి తనవారిగాఁ జూచి యూరకుండును. కాఁబట్టి విజ్ఞులు రోగి నెత్తురును విడిచి పరుల నెత్తురు వంకఁ జూచిరి. ఇటలీలోని పెరూజియా నగరమున ఆండ్రియా వెలార్డి మొదలగువారు 2002లో ఒక సంగతి ప్రకటించిరి. మూలుగలోఁ బుట్టు ఒక తీవ్రమైన రక్తపు క్యాన్సరునకు బంధువుల మూలకణములను నాటినప్పుడు, దాత సహజహంతకములకుఁ దమ ముద్ర రోగి కణములపైఁ గనఁబడని జంటలలో రోగము తిరుగఁబెట్టుట మిక్కిలి తక్కువ. లేమిని చూచు కణమునకు నిజమైన లేమిని చూపిరన్నమాట. 2005లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు జెఫ్రీ మిల్లర్ బృందము వారు, మూలకణములు లేకయే, బంధువుల సహజహంతకములను మాత్రమే ఈ రోగమున ఇతర చికిత్సలకు లొంగని 19 మందికి నెక్కించిరి. అయిదుగురికి రోగచిహ్నములు పూర్తిగాఁ దొలఁగెను. పందొమ్మిదింట అయిదు. ఈ యంకెను నేను పలుమాఱులు వ్రాసికొంటిని. ఇది చిన్నది కాదు. పొలము అమ్ముకొను రైతు చెవికి 'నయమగును' అను మాటగా వినఁబడుటకుఁ దగినంత పెద్దదియుఁ గాదు.

నేను చదివిన హూస్టన్ వార్త దీని తరువాతిది. ఎం.డి. ఆండర్సన్ క్యాన్సరు కేంద్రమునఁ గాతాయూన్ రెజ్వానీ యను వైద్యురాలి బృందమువారు, ప్రసవానంతరము బొడ్డుత్రాటియందు మిగిలిన నెత్తురు నుండి సహజహంతకములను తీసి, వానిలోనికిఁ గొత్త జన్యువులను జొప్పించిరి. అందుచే ఆ కణములపై 'కార్' అను కృత్రిమ గ్రాహక మొకటి మొలచును. అందలి మొదటి యక్షరము కైమీరా యను గ్రీకు పురాణమృగము పేరఁట. సింహపు తల, మేఁక మేను, పాము తోఁక గలది. మన నరసింహమూర్తిని వా రెఱిఁగియుండినచో ఆ పేరే పెట్టియుందురు. ఈ గ్రాహకమున వెలుపలి సగము క్యాన్సరు కణమును బట్టుకొనును, లోపలి సగము చంపుమని యాజ్ఞ యిచ్చును. బీ కణములనుండి పుట్టిన లింఫోమా మొదలగు క్యాన్సరులు గల 11 మందికి నిచ్చినట్లు 2020లోఁ బ్రకటించిరి. ఎనమండ్రకు గుణమిచ్చెను, అందు ఏడుగురికి రోగచిహ్నములు పూర్తిగాఁ బోయెను. టీ కణములతోఁ జేయు ఇట్టి చికిత్సలలోఁ దఱచుగాఁ గనఁబడు తీవ్రజ్వరాది వికారములు ఇందుఁ బొడసూపలేదు. దాత కణములు రోగి దేహముపైఁ దిరుగఁబడుటయు లేదు. ఇది నిజముగా గొప్ప సంగతి. ఒక బొడ్డుత్రాటినుండి పలువురికి మందు సిద్ధము చేసి యుంచుకొనవచ్చునను ఆశ ఇందుండి పుట్టినదే.

అదే బృందము 2024లో 37 మంది వృత్తాంతమును ప్రకటించెను. ఇంచుమించుగా సగము మందికి గుణమిచ్చెను. ఏఁడాది గడచునప్పటికి రోగము ముదురక యున్నవారు నూటికి 32 మంది. వార్తాపత్రికలు పదునొకండుగురిని గూర్చి వ్రాసినంతగా ఈ ముప్పదియేడుగురిని గూర్చి వ్రాయలేదు. లూపస్ వంటి, దేహము తనపైఁ దానే తిరుగఁబడు వ్యాధులలోను ఇట్టి కణములను బరీక్షించుచున్నారు. అవి యింకను ఆరంభదశలోనివి.

ఇప్పుడా రంగుల కాగితమును మరల చదువుదము. హూస్టనులో నిచ్చినవి పరుల కణములు, జన్యువులు మార్చినవి. కాగితములోనివి రోగి స్వంత కణములు, మార్పు లేనివి, అనఁగా 1985 నాఁటి దారిలోనివి. హూస్టను రోగులది నెత్తురునకు, లింఫుగ్రంథులకు సంబంధించిన రోగము. ఎక్కించిన కణము వెంటనే శత్రువును చేరును. నా శిష్యుని తల్లిది క్లోమముపైఁ గట్టిపడిన గడ్డ. అట్టి గడ్డ చుట్టును దట్టమైన నారపొర గోడవలె నుండును, లోపల ఆ కణములను మందగింపఁజేయు ద్రవ్యములు నిండియుండును. హూస్టనులోనిది అధికారుల యనుమతితో జరిగిన పరీక్ష. కాగితములోనిది అమ్మకము. రెండింటికిని పేరొక్కటే. శబ్ద మొక్కటైన మాత్రమున నర్థ మొక్కటి కాదని ముప్పదియైదేండ్లు నానార్థములు వల్లింపఁజేసిన నాకు, ఆ నాఁడది తోఁపలేదు.

2024 ముగియునాఁటికి అమెరికా ఔషధాధికారులు సహజహంతక కణములను ఏ క్యాన్సరుకును మందుగా నామోదింపలేదు. ఆ యేఁటి ఏప్రిలులో మూత్రాశయపు క్యాన్సరులో నొక రకమునకు, బీ.సీ.జీ. మందుతోఁ గలిపి యిచ్చుటకై, దేహములోని ఈ కణములను టీ కణములను ప్రేరేపించు నొక ద్రవ్యమును మాత్రము ఆమోదించిరి. అదే సంవత్సరము అక్టోబరులో జపాను ఆరోగ్యశాఖవారు టోకియోలోని యొక వైద్యశాలయందు ఈ కణముల చికిత్సను ఆపుఁడని యాజ్ఞ యిచ్చిరి. అచ్చట వీనిని నెక్కించుకొన్న ఇద్దఱు తీవ్రమైన అంటుదోషమునకు లోనై ఆసుపత్రిపాలైరి. పాత్రలోఁ బెంచిన దానిని నరములోని కెక్కించుటలో, నలుసంత మైల చేరినను ఫల మిట్లుండును.

ఐతే ఈ కణముల సేవ మనకు దూరమున నున్నదనుకొనవలదు. నన్ను మిక్కిలి యాశ్చర్యపఱచిన సంగతి యిది. రిటుక్సిమాబ్ అను ప్రతిరక్షకౌషధమును 1997లో అమెరికాలో నామోదించిరి. 2007లో మన హైదరాబాదు నందలి డాక్టర్ రెడ్డీస్ వారు దాని సాటిమందును తయారుచేసి విక్రయింపఁ జొచ్చిరి. మన దేశపు ఆసుపత్రులలో బీ కణముల లింఫోమాకు ఇది వాడుకలోనున్న మందు. దాని తల రోగకణమును బట్టుకొనును. దాని తోఁకను సహజహంతకము కత్తిపిడివలెఁ బట్టుకొని యా కణమును చంపును. ఆ మందు పని చేయు మార్గములలో నిది ముఖ్యమైనది. ఇరువది యేండ్లకుఁ బైఁగా ఆరవారములలో మంచముపైఁ బడుకొని చుక్కచుక్కగా మం దెక్కించుకొనుచున్న రోగుల ఒడలిలో ఈ కణములు మౌనముగాఁ బని చేయుచునే యున్నవి. వానిని పేరు పెట్టి యమ్మువారు లేరు గనుక ఎవ్వరును వినలేదు.

నాలుగు నెలల క్రిందట అదే యూరివాఁడు మఱియొకఁడు నా యొద్దకు వచ్చెను. పంపినది నా శిష్యుఁడే. ఇతని భార్యకు మెడపై బిళ్లలు కట్టి లింఫోమా యని తేలినది. చేతిలో వేఱొక వైద్యశాలవారి కాగితము. బొమ్మ మాత్రము మునుపటిదే, గుండ్రని నీలి కణము ఎఱ్ఱని కణమును గ్రుచ్చుచున్నట్లు.

"మాస్టారూ, ఇదేమంటారు?" అనెను.

"నే నేమియు ననను. ముందు నీవు చెప్పుము. ఇది పరీక్షయా, అమ్మకమా?" అంటిని. అతఁడు తెల్లఁబోయెను. పరీక్షయైనచో భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దానికొక సంఖ్య యుండవలెననియు, 2009 నుండి ఆ నమోదు తప్పనిసరియనియు, పరిశోధన వ్యయమును రోగి చేత భరింపఁజేయరాదని 2017 నాఁటి భారత వైద్య పరిశోధన మండలి నియమావళి చెప్పుచున్నదనియు వివరించితిని. అతని యెదుటనే ఆ కాగితముమీఁది ఫోను సంఖ్యకుఁ జేసితిమి. ఆవలి యమ్మాయి మర్యాదగా మాటలాడెను. ఎన్ని విడతలో, ఎంత పైకమో చెప్పెను. కణము లెవరివని యడిగిన "పేషెంటువే సర్" అనెను. నమోదు సంఖ్య యడిగినంతనే, పైవారితో మాటలాడి చెప్పెదననెను. ఆ కబురు నేఁటికిని రాలేదు.

మఱునాఁటి తొలి బస్సులో ముగ్గురమును నా వైద్యశిష్యుని యొద్దకుఁ బోతిమి. అతఁడు బిళ్ల ముక్కను బరీక్షించిన పత్రములు చూచి, ఇది బీ కణములదే, రిటుక్సిమాబ్ కలిసిన చికిత్స దీనికిఁ దగునని చెప్పి, ఎన్ని విడతలో, ఏయే కష్టములు రాఁగలవో, ఎంత వఱకు నమ్మవచ్చునో ఆ యిల్లాలికే వివరించెను. ఆమె శ్రద్ధగా విని, "జుట్టు ఊడిపోతే మళ్ళీ వస్తుందా బాబూ?" అని యొక్కటే యడిగెను. వచ్చునని యతఁడు చెప్పెను.

మూఁడు విడతలైనవి. మెడపై బిళ్లలు చేతికిఁ జిక్కుట లేదు. నాలుగవది ఈ శుక్రవారము. బస్సు ఆఱు గంటలకు గనుక నేను ముందునాఁటి రాత్రియే వారి యూరికిఁ బోయెదను. ఆ రాత్రి బస నా పూర్వశిష్యుని యింటనే.